చైనా, జపాన్ భాషల్లో పంటి మాటలు, పంటి సామెతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చైనీస్ గానీ జపనీస్ గానీ నేర్చుకునే తెలుగువారికి శరీరావయవాల పాఠం తొలి వారాల్లోనే వస్తుంది. కన్ను, ముక్కు, చెయ్యి త్వరగానే పట్టుబడతాయి. పన్ను దగ్గరికి వచ్చేసరికి సందేహాలు మొదలవుతాయి, ఎందుకంటే ఆ రెండు భాషల్లోనూ పన్ను మనిషి వయసును చెబుతుంది, ఇరుగుపొరుగుల బంధాన్ని చెబుతుంది, మాట్లాడే తీరును కూడా చెబుతుంది. చైనా పలుకుబళ్ళలో చాలావాటి వెనుక ఒక పాత గ్రంథమో రాజుల కథో ఉంటుంది. జపాన్ వారి సొంత పలుకుబళ్ళు ఎక్కువగా నోట్లో కలిగే అనుభూతి నుంచి పుట్టాయి. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే వీటిని గుర్తుపెట్టుకోవడం చాలా తేలికవుతుంది. ఉచ్చారణలను ఇక్కడ తెలుగు లిపిలో దగ్గరదగ్గరగా ఇచ్చాం. చైనీస్‌లోని స్వరాల హెచ్చుతగ్గులను మాత్రం గురువు నోట వినే నేర్చుకోవాలి.

చైనీస్‌లో పంటికి ‘యా’, ‘ఛి’ అని రెండు మాటలు ఎందుకు ఉన్నాయి?

ప్రాచీన చైనీస్‌లో ఇవి రెండు రకాల పళ్ళకు పేర్లు. పెదవుల వెనుక కనిపించే ముందు పళ్ళు ‘ఛి’, దవడ లోపలి పెద్ద పళ్ళు ‘యా’. కాలక్రమంలో ఆ తేడా చెరిగిపోయి, వాడుకలో ‘యా’ నిలిచింది. రెండూ కలిపి ‘యాఛి’ అన్నా పళ్ళే. పళ్ళు తోముకునే బ్రష్షు ‘యాష్వా’, టూత్‌పేస్టు ‘యాగావ్’, పళ్ళ డాక్టరు ‘యాయీ’, ఏనుగు దంతం ‘షియాంగ్‌యా’. ‘ఛి’ ఒంటరిగా పలుకులో అరుదు. అది శాస్త్ర పదాల్లోనూ, నాలుగక్షరాల పాత నానుడుల్లోనూ బతుకుతోంది.

‘ఛి’ అక్షరం పుట్టుక చూడదగ్గది. సుమారు మూడు వేల ఏళ్ళ కిందట, షాంగ్ రాజుల కాలంలో, శకునాలు చూడటానికి తాబేటి చిప్పల మీదా ఎద్దు ఎముకల మీదా చెక్కిన రాతల్లో ఇది తెరిచిన నోటి బొమ్మ. అందులో పళ్ళు విడివిడిగా కనిపిస్తాయి. ఉచ్చారణను సూచించే భాగం తర్వాతి కాలంలో దాని నెత్తిన చేరింది. అవే ఎముకల మీద పళ్ళతో పాటు ఒక పురుగును చెక్కిన అక్షరం కూడా ఉంది, దాన్ని పండితులు పుచ్చుపన్నుగా చదువుతారు. పంటిని పురుగు తొలుస్తుందన్న నమ్మకం ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది. నేటికీ చైనీస్‌లో పుచ్చుపన్ను ‘ఝూయా’, అంటే పురుగు తొలిచిన పన్ను. జపనీస్‌లో ‘ముషిబ’, అంటే పురుగు పన్ను. పన్నులో పురుగు పడిందని మన పల్లెల్లో అనేదీ ఇదే.

జపనీస్‌లో పన్ను అనడానికి ఏ మాట వాడాలి?

జపాన్ వారి సొంత మాట ‘హ’. చైనా అక్షరంతో పాటు వచ్చిన ఉచ్చారణ ‘షి’. అది దంతవైద్యానికి ‘షిక’, పాలపన్నుకు ‘న్యూషి’ వంటి సమాసాల్లోనే వినిపిస్తుంది. చైనా ‘యా’ అక్షరాన్ని జపనీయులు ‘కిబ’ అని చదివినప్పుడు దానికి జంతువు కోర అని అర్థం. కాబట్టి చైనీస్ తెలిసినవారు అలవాటు కొద్దీ ఆ అక్షరమే రాస్తే, మనిషి పంటికి బదులు పులికోర రాసినట్టవుతుంది.

రాతలోనూ తేడా ఉంది. పాత అక్షరంలో లోపల కనిపించే పళ్ళ గుంపును రెండు దేశాలూ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేర్వేరుగా కుదించాయి. జపాన్ రూపంలో లోపలి భాగం బియ్యం అనే అక్షరంలా కనిపిస్తుంది, చైనా రూపంలో ఇంకా తక్కువ గీతలు ఉంటాయి. అన్నం నమిలేది పన్ను గనుక లోపల బియ్యం పెట్టారని పిల్లలకు చెబితే వాళ్ళకు బాగా గుర్తుంటుంది, కానీ అది చరిత్ర కాదు, రాత సులువు కోసం చేసిన మార్పు మాత్రమే.

“పెదవి పోతే పళ్ళకు చలి” అన్న సామెత కథ ఏమిటి?

చైనీస్‌లో దీన్ని ‘ఛున్ వాంగ్ ఛి హాన్’ అంటారు. జపనీయులు ‘కుచిబిరు హొరొబితె హ సముషి’ అని చదువుతారు. పంటి సామెతలన్నిటిలోకీ దీని కథే గొప్పది.

క్రీ.పూ. 7వ శతాబ్దంలో జిన్ అనే బలమైన రాజ్యానికి దక్షిణాన యూ, గువో అనే రెండు చిన్న రాజ్యాలు ఉండేవి. గువో మీదికి వెళ్ళాలంటే జిన్ సైన్యం యూ నేల మీదుగా నడవాలి. క్రీ.పూ. 658లో జిన్ మంత్రి షున్ షి తన ప్రభువుకు ఒక ఉపాయం చెప్పాడు. ఛూ ప్రాంతపు మేలుజాతి గుర్రాలను, ఛుయీజీ పచ్చరాతి చక్రాన్ని యూ రాజుకు కానుకగా ఇచ్చి దారి అడుగుదాం అన్నాడు. అవి తన నిధులని ప్రభువు వెనుకాడితే, యూ దారి ఇచ్చిందంటే ఆ కానుకలు మన బయటి కొట్టులో దాచినట్టే అని నచ్చజెప్పాడు. యూ రాజు కానుకలకు లొంగి దారి ఇచ్చాడు. ఆ ఏడు గువో ఒక కోటను పోగొట్టుకుంది. మూడేళ్ళ తర్వాత, క్రీ.పూ. 655లో, జిన్ మళ్ళీ దారి అడిగింది. అప్పుడు యూ మంత్రి గోంగ్ ఝిఛీ రాజును వారిస్తూ, గువో మనకు బయటి గోడ అనీ, పెదవి పోతే పళ్ళకు చలి అని పెద్దలు చెప్పింది మన రెండు రాజ్యాల సంగతేననీ అన్నాడు. అంటే ఈ సామెత అప్పటికే పాతది. జిన్ మన వంశమే కదా, మనకెందుకు కీడు చేస్తుంది అన్నాడు రాజు; దేవతలకు నిండుగా నైవేద్యాలు పెడుతున్నాను గనుక వాళ్ళు కాపాడతారనీ అన్నాడు. ఈ ఏటి చివరి పూజ దాకా యూ నిలవదని చెప్పి గోంగ్ ఝిఛీ తన కుటుంబంతో దేశం విడిచి వెళ్ళిపోయాడు. జిన్ సైన్యం ఆ చలికాలంలోనే గువోను తుడిచిపెట్టి, తిరుగుదారిలో యూలో విడిది చేసి, ఆ రాజ్యాన్నీ పట్టుకుంది.

యూ ఉన్న చోటు నేటి షాన్‌షీ రాష్ట్రంలోని పింగ్‌లూ ప్రాంతం. గువో రాజుల సమాధులు హెనాన్‌లోని సాన్‌మెన్‌షియా నగరంలో బయటపడ్డాయి, అక్కడ ఇప్పుడు ఆ రాజ్యం పేరిటే ఒక మ్యూజియం ఉంది. సామెత మాత్రం పాతబడలేదు. 1950లో కొరియా యుద్ధంలోకి చైనా దిగినప్పుడు, కొరియాకూ తమకూ ఉన్న బంధాన్ని చైనా ప్రకటనలు ఈ పెదవి, పళ్ళ మాటతోనే ప్రజలకు చెప్పాయి.

పంటికీ వయసుకూ సంబంధం ఎలా వచ్చింది?

ఆ కథలోని గుర్రాల దగ్గరే ఈ ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. యూ పతనమయ్యాక షున్ షి ఆ గుర్రాలను పట్టుకుని, ఆ పచ్చరాయిని చేతబట్టుకుని ప్రభువు ముందుకు వచ్చాడు. రాయి ఎలా ఇచ్చామో అలాగే ఉంది, గుర్రం పళ్ళు మాత్రం పొడుగయ్యాయి అన్న మాట అప్పుడు పుట్టింది. ఒక గ్రంథం దాన్ని షున్ షి నోట పెడితే మరొకటి ప్రభువు నోట పెట్టింది. దాని నుంచి ‘మా ఛి తూ జెంగ్’ వచ్చింది: గుర్రం పళ్ళు ఊరికే పెరిగాయి, అంటే ఏమీ సాధించకుండానే నాకు ఏళ్ళు మీద పడ్డాయి అని పెద్దవాళ్ళు వినయంగా చెప్పుకోవడం. జపనీయులు ఇదే భావాన్ని ‘బరెఇ ఓ కసనెరు’ అంటారు, గుర్రపు వయసును పోగేసుకోవడం అని దాని అర్థం. అక్కడ పుట్టినరోజు ప్రసంగాల్లోనూ పదవీ విరమణ ఉత్తరాల్లోనూ ఇది నేటికీ కనిపిస్తుంది.

గుర్రం ముందు పళ్ళు ఏటేటా అరుగుతాయి. నమిలే అంచు మీద ఉండే గుంటలు క్రమంగా మాసిపోతాయి, పళ్ళు ముందుకు వాలి పొడుగ్గా కనిపిస్తాయి. కొనేవాడు పెదవి ఎత్తి చూసేది ఆ గుంటలనూ ఆ వాలునూ. ఈ లెక్క మనకు కొత్త కాదు. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని నేటికీ పంటితోనే వయసును పంచుతారు.

మనుషుల విషయంలోనూ చైనీస్ ఇదే దారి పట్టింది. ‘నియెన్ ఛి’ అంటే వయసు. ‘షూ ఛి’ అంటే వయసు వరుసలో కూర్చోబెట్టడం. జపనీస్‌లో వయసు అని చెప్పే ‘నెన్‌రెఇ’ మాటలోని రెండో అక్షరంలో పన్ను అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. కన్ఫ్యూషియస్ సంభాషణల్లో, గువాన్ ఝోంగ్ అనే మంత్రి ఒక కులీనుడి మూడు వందల ఇళ్ళ జాగీరును లాగేసుకున్నా, ఆ కులీనుడు ముతక తిండి తింటూనే ‘మో ఛి’, అంటే ఆయుష్షు తీరేదాకా, ఒక్క నిష్ఠూరపు మాట అనలేదని ఉంది. తీర్పు అంత న్యాయంగా ఉందన్నమాట. దాని నీడలోనే ‘మో ఛి నాన్ వాంగ్’ వచ్చింది. మీ మేలు బతికినంత కాలం మరచిపోలేను అని కృతజ్ఞత చెప్పేటప్పుడు దాన్ని వాడతారు.

గుర్రపు పన్ను మన వంటింట్లోకి కూడా వస్తుంది. పప్పులో వేసుకునే గంగవాయిలి కూరను చైనీస్‌లో ‘మాఛిషియెన్’ అంటారు, అంటే గుర్రపుపంటి తోటకూర. ఆ దళసరి చిన్న ఆకు ఆకారాన్ని చూస్తే పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

మాట తీరును పంటితో ఎలా చెబుతారు?

చైనీస్‌లో చెప్పడానికి నోరు రాని విషయం ‘నాన్ యీ ఛీ ఛి’, పళ్ళు విప్పడం కష్టమైనది. మాటకారితనం ‘లింగ్ యా లీ ఛి’, చురుకైన పళ్ళు. ఎవరైనా కృతజ్ఞత చెప్పినప్పుడు మర్యాదగా ‘హ జూ గ్వా ఛి’ అంటారు. పళ్ళకు తగిలించేంత పెద్ద విషయమా, అంటే అదెంత మాట అని. దీని మూలం ఛిన్ రాజ్యం కూలిపోయే రోజుల్లో ఉంది. తిరుగుబాటు వార్త విని రెండో చక్రవర్తి మండిపడుతుంటే, షూసున్ తోంగ్ అనే పండితుడు ప్రాణాలు కాపాడుకోవడానికి, వాళ్ళు చిల్లర దొంగలు, పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడుకోదగ్గవారు కారు అన్నాడు; తర్వాత ఆస్థానం నుంచి తప్పించుకుని పారిపోయాడు. జపనీస్‌లో ‘షిగ ని మొ కకెనై’ అనేది ఈ వాక్యపు సంతానమే, కానీ అక్కడ మర్యాద పోయి, లెక్కచేయకపోవడం అనే అర్థమే మిగిలింది. ఒకే మూలం నుంచి వచ్చిన మాట ఒక దేశంలో వినయానికీ మరో దేశంలో తిరస్కారానికీ పనికివచ్చింది గనుక రెండు భాషలూ చదివేవారు దీని దగ్గర కాస్త ఆగాలి.

జపాన్ సొంత పలుకుబళ్ళు చూడండి. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ‘హ ని కిను కిసెను’ మనిషి, అంటే పళ్ళకు బట్ట తొడగనివాడు. మనం కుండబద్దలు కొట్టినట్టు చెబుతాడంటాం. అసలు సంగతి చెప్పకుండా తిప్పేవాడి మాట ‘ఒకుబ ని మొనొ గ హసమత్త యో’, దవడపళ్ళ సందులో ఏదో ఇరుక్కున్నట్టు. మన నీళ్ళు నమలడం ఇదే. మితిమీరిన పొగడ్త వింటే ‘హ గ ఉకు’, పళ్ళు చిగుళ్ళలోంచి పైకి తేలినట్టు ఉంటుంది. రావలసిన పని ఎదుటివాడికి రాక తడబడుతుంటే చూసేవాడికి కలిగే అసహనం ‘హగయుఇ’, పంటి దురద. పంటితో చెప్పే సరిజోడు దీనికి తెలుగులో లేదు, అందుకే ఇది నాకు చాలా ఇష్టమైన మాట.

తెలుగు పలుకుబళ్ళతో సరిపోయేవి ఇంకా ఏవి?

చాలా ఉన్నాయి. కష్టాన్ని పంటి బిగువున ఓర్చుకోవడం చైనీస్‌లో ‘యావ్ జిన్ యాగ్వాన్’, జపనీస్‌లో ‘హ ఓ కుఇషిబరు’. కోపంతో పళ్ళు పటపట కొరకడం ‘యావ్ యా ఛియె ఛి’. ఓర్పుకు బిగింపు, కోపానికి కొరుకుడు అన్న విభజన మనకూ చైనా వారికీ ఒకేలా కుదిరింది. కొరుకుడుపడని విషయం జపనీస్‌లో ‘హ గ తతనై’, పన్ను దిగనిది. పళ్ళు రాలగొడతానన్న బెదిరింపుకు చైనాలో ‘మాన్ దీ ఝావ్ యా’ ఉంది, నేలంతా పళ్ళు వెతుక్కునేలా కొడతాననడం. తిండి చాలకపోతే మనం పంటి కిందికి కూడా రాదంటాం, వారు పంటి సందుకైనా చాలదంటారు.

వీటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దురదృష్టపు సామెత. రోజులు బాగోలేకపోతే అరటిపండు తిన్నా పన్ను విరుగుతుందని మనం అంటాం. చైనాలో, రోజులు బాగోలేనివాడికి చన్నీళ్ళు తాగినా పళ్ళ సందున ఇరుక్కుంటాయి అంటారు. జపాన్‌లో టోఫు కొరికి పన్ను నొప్పి తెచ్చుకోవడం అనే సామెత ఉంది, కానీ అది దురదృష్టాన్ని కాక, జరగనే జరగని పనిని చెబుతుంది. మూడు ఇళ్ళలో మెత్తనివి మూడు దొరికాయి. అర్థం మాత్రం జపాన్ దగ్గర పక్కకు జరిగింది.

నాలుక నిలిచింది, పళ్ళు పోయాయి అన్నది ఎవరి మాట?

క్రీ.పూ. 1వ శతాబ్దంలో లియూ షియాంగ్ కూర్చిన కథల సంకలనంలో ఇది ఉంది. ఛాంగ్ ఛోంగ్ అనే గురువు జబ్బుపడితే ఆయన శిష్యుడు, ప్రాచీన చైనా తత్వవేత్త లావోజీ చూడటానికి వెళ్ళాడు. గురువు నోరు తెరిచి, నా నాలుక ఉందా అని అడిగాడు. ఉందన్నాడు శిష్యుడు. పళ్ళు ఉన్నాయా అంటే లేవన్నాడు. ఎందుకో తెలిసిందా అంటే, మెత్తనిది గనుక నాలుక నిలిచింది, గట్టివి గనుక పళ్ళు పోయాయి అని లావోజీ జవాబు. ఈ కథ నాలుగక్షరాల నానుడిగా కుదించుకుని జపాన్‌కూ చేరింది.

జపాన్ రచయిత సోసెకి పేరుకూ పళ్ళకూ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. 3వ శతాబ్దపు చైనాలో సున్ ఛూ అనే యువకుడు లోకాన్ని విడిచి కొండల్లో ఉండాలనుకున్నాడు. రాయిని తలగడ చేసుకుంటాను, ఏటి నీళ్ళతో నోరు పుక్కిలిస్తాను అనబోయి, ఏటిని తలగడ చేసుకుంటాను, రాళ్ళతో పుక్కిలిస్తాను అనేశాడు. ఏటి మీద తల ఎలా పెడతావు, రాళ్ళతో ఎలా పుక్కిలిస్తావు అని మిత్రుడు వాంగ్ జీ నిలదీశాడు. ఏటి మీద తల పెట్టేది చెవులు కడుక్కోవడానికి, రాళ్ళతో పుక్కిలించేది పళ్ళకు సాన పెట్టుకోవడానికి అని సున్ ఛూ తడుముకోకుండా జవాబిచ్చాడు. రాళ్ళతో పుక్కిలించడం అన్న రెండక్షరాలను జపనీయులు ‘సోసెకి’ అని చదువుతారు. పట్టిన పట్టు విడవనివాడు అన్న అర్థంలో నత్సుమె కిన్‌నొసుకె 1889లో దాన్ని కలం పేరుగా తీసుకున్నాడు.

“కంటికి కన్ను, పంటికి పన్ను” చైనా సామెతేనా?

కాదు. చైనీస్ ‘యీ యా హువాన్ యా’, జపనీస్ ‘హ ని వ హ ఓ’ రెండూ పశ్చిమాసియా నుంచి, బైబిలు ద్వారా వచ్చాయి.

స్పెయిన్, పోర్చుగల్ పేర్లలో పన్ను అక్షరం ఎందుకు ఉంది?

‘షీబాన్‌యా’, ‘పూథావ్‌యా’ అన్న ఆ పేర్లలో ‘యా’ను ధ్వని కోసమే తీసుకున్నారు. హంగరీ, జమైకా పేర్లలోనూ అంతే. అర్థం వెతకనక్కరలేదు.

డాక్టరు దగ్గరికి వెళితే ఏ మాటలు తెలిసి ఉండాలి?

జపాన్‌లో పళ్ళ డాక్టరు ‘హైష’. ముందు పన్ను ‘మఎబ’, దవడపన్ను ‘ఒకుబ’, కట్టుడుపళ్ళు ‘ఇరెబ’. కోరపన్ను ‘ఇతొకిరిబ’, దారం తెంపే పన్ను. కుట్టుపని చేసేవారు దారాన్ని ఆ పంటితో తుంచడం వల్ల ఆ పేరు వచ్చింది. చైనాలో పొడుచుకువచ్చిన కోరపన్ను ‘హూయా’, అంటే పులిపన్ను. జ్ఞానదంతం చైనీస్‌లో మనలాగే ‘ఝీఛి’, జపనీస్‌లో ‘ఒయషిరజు’, అంటే తల్లిదండ్రులు ఎరుగనిది. ఆ పన్ను వచ్చేసరికి తల్లిదండ్రులు కాలం చేసి ఉండేవారని కొందరు, ఆ వయసులో పిల్లల నోరు తల్లిదండ్రులు చూడరని కొందరు కారణం చెబుతారు.

నొప్పిని సరిగా చెప్పడం ముఖ్యం. చన్నీళ్ళకు జివ్వుమంటే జపనీస్‌లో ‘షిమిరు’, సలుపుతుంటే ‘జుకిజుకి’. చైనీస్‌లో పంటినొప్పి ‘యా థెంగ్’, పళ్ళు పులిసినట్టు ఉంటే ‘యా సువాన్’. ‘సువాన్’ అంటే పులుపూ పీకుడూ రెండూ; చింతకాయ తిని పళ్ళు పులిశాయనే మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. పంటినొప్పి జబ్బు కాదు గానీ పట్టుకుంటే ప్రాణం తీస్తుందని చైనా ప్రజలు ప్రాస కట్టి చెప్పుకుంటారు.

ఊడిన పాలపన్నును ఏం చేస్తారు?

జపాన్‌లో కింది పన్నును ఇంటి కప్పు మీదికి, పై పన్నును ఇంటి నేల కిందికి విసిరి, ఎలుక పన్నుతో మార్చుకోమని పాడతారు, ఎందుకంటే ఎలుక పళ్ళు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. చైనాలో కింది పన్ను కప్పు మీదికి, పై పన్ను మంచం కిందికి. కొత్త పన్ను పాత పన్ను ఉన్న దిక్కుగా తిన్నగా పెరగాలన్నది కోరిక. పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరిన బాల్యం మనలో చాలామందికి ఉంది.

పళ్ళ కోసం ప్రత్యేకమైన రోజులు ఉన్నాయా?

జపాన్‌లో జూన్ 4ను పుచ్చుపళ్ళ నివారణ దినంగా దంతవైద్యుల సంఘం 1928లో మొదలుపెట్టింది. 6ను ‘ము’ అనీ, 4ను ‘షి’ అనీ చదివితే పురుగు అనే ‘ముషి’ వస్తుంది. నవంబర్ 8 ‘ఈ హ’, మంచి పన్ను రోజు. 1, 1, 8 అంకెలనుంచి ఆ పేరు కట్టారు. 80 ఏళ్ళు వచ్చేసరికి 20 సొంత పళ్ళు మిగలాలన్న ‘8020’ ఉద్యమం 1989లో మొదలైంది. చైనాలో సెప్టెంబర్ 20 పళ్ళను ప్రేమించే రోజు, అదీ 1989 నుంచే.

వీటిని మాట్లాడేటప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలి?

‘మాన్ దీ ఝావ్ యా’ బజారు మాట, స్నేహితుల మధ్య తప్ప వద్దు. ‘బూ ఛి’, తమ వరుసలో నిలబెట్టనిది అన్న చైనా మాట చాలా కఠినమైన అసహ్యాన్ని చెబుతుంది. నాకు నచ్చలేదు అనడానికి దాన్ని వాడితే ఎదుటివారు నొచ్చుకుంటారు. గుర్రపు వయసు మాటలు రెండూ తన గురించి తాను చెప్పుకోవడానికే. జపాన్‌లో మీ పైఅధికారి ‘బరెఇ ఓ కసనెరు’ అని తన గురించి అన్నప్పుడు, అవునండీ అని తల ఊపకుండా, ఇంకా ఎంతో చురుగ్గా ఉన్నారు అని బదులు చెప్పాలి.